తోలుబొమ్మల నిమ్మలకుంట

అనంతపురపు మెట్టసీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు వచ్చునను నమ్మకము లేదు. వాన ముఖము చాటువేసిన యేట విరాటపర్వమును చదివించుట, తోలుబొమ్మలతో ఆడించుట మన పల్లెల పూర్వాచారము. కరవు వచ్చిన బొమ్మలవారికి పిలుపు వచ్చెడిది. కాని ఆ కరవునాడే గ్రామస్థుల గాదెలలో వారికి కొలిచి యిచ్చుటకు గింజలు కరవయ్యెడివి. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట కళాకారుల బ్రతుకు ఈ చిక్కులోనే గడచినది.

ఈ కళ ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రినాటి శ్రీశైలమును వర్ణించుచు బొమ్మలాటను పేర్కొనెను. నిమ్మలకుంట బొమ్మలవారి పూర్వులు మహారాష్ట్రమునుండి వలసవచ్చినవారు. ఇంట వారు మాటలాడునది మరాఠీకి చేరిన ఆరె భాష. తెర వెనుక రామాయణ భారతములను పాడునది తెలుగున.

మేకతోలును వేడినీట నానవైచి, రోమము గీచి, సాగదీసి ఎండబెట్టుదురు. అంతట దీపకాంతి దాని గుండ ప్రసరించును. దానిపై రూపము గీసి, నగలును చీర అంచులును ఉండవలసిన తావుల సన్నని ఉలులతో రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు పూయుదురు. ఆ రంధ్రముల వెలుగే తెరపై సీతమ్మ సొమ్ములై మెరయును. కాలుసేతులను విడిగా చేసి దారముతో కూర్చుదురు. మనిషియెత్తు బొమ్మలు మన తెలుగువారి ప్రత్యేకత. నడుమ బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వించిననే గాని ఆట నిండదు.

సినిమా పల్లెలకు వచ్చిన పిమ్మట రాత్రియెల్ల సాగు ఆటలకు పిలుపులు తగ్గెను. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ శిల్పులు అదే తోలుతో, అదే ఉలితో దీపముల గొడుగులు, గోడపటములు చేయసాగిరి. అవి నగరములకును, విదేశములకును చేరెను. బాల్యముననే ఈ విద్య నేర్చిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. 2022లో జిల్లాల విభజనతో నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

అయినను ఒక సందేహము మిగిలియున్నది. దీపపు గొడుగుపై హనుమంతుడు కదలడు, మాటలాడడు. అతని చేతికి కీలు అక్కరలేదు. అతని గొంతుకు పద్యము అక్కరలేదు. ఉలి పట్ట నేర్చిన పిల్లవానికి రాగమును తాళమును ఎవరు నేర్పుదురు? దీపపు గొడుగును తక్కువ చేయరాదు. కరవులో చేతి నేర్పును కాపాడినది అదియే. కాని చేయి నిలిచి గొంతు పోయిన, నిలిచినది సగము కళయే. ఇంట గొడుగు వెలిగించుకొన్నవారు తమ ఊరి ఉత్సవమునకు ఒక రాత్రి ఆటను కూడ పిలిచిన, ఆ రెండవ సగము నిలుచును.