వీరనారి బొమ్మ: తెలుగునాట ఒక వివాద చరిత్ర

కత్తి పట్టిన స్త్రీని గీసేటప్పుడు, తెరమీద చూపేటప్పుడు ఆమె శౌర్యం వెనక్కి పోయి ఒంపుసొంపులు ముందుకు వస్తున్నాయన్న విమర్శ, దానికి చిత్రకారులు, దర్శకులు, అభిమానులు ఇచ్చిన జవాబులు కలిసి ఈ వివాదం. దీనికి పేరు వచ్చింది అమెరికా కామిక్ పుస్తకాల దగ్గర. తెలుగులో సూపర్‌హీరోయిన్ కామిక్స్ పరిశ్రమ అంటూ చెప్పుకోదగ్గది లేదు. ఆ చోటును ఊరి అమ్మవార్లు, భారత కథలోని ద్రౌపది, చందమామ రాకుమార్తెలు, సినిమా నాయికలు నింపారు. అందువల్ల ఇక్కడి వాదం జాతర మైదానం నుంచి పత్రిక అట్టమీదికి, అక్కడి నుంచి గోడమీది పోస్టరుకు, చివరికి వెండితెరకు నడిచింది.

అమెరికాలో

1941లో మనస్తత్వవేత్త విలియం మౌల్టన్ మార్స్టన్ వండర్ వుమన్‌ను స్త్రీ స్వేచ్ఛకు ప్రతినిధిగా తలపెట్టి సృష్టించాడు. అయితే తొలి కథల్లో ఆమె మాటిమాటికీ తాళ్లతోనో గొలుసులతోనో కట్టుబడి కనిపించడం మీద అప్పుడే అభ్యంతరాలు లేచాయి. 1954లో కామిక్స్‌ను విమర్శిస్తూ ఫ్రెడరిక్ వెర్థామ్ రాసిన పుస్తకం రేపిన దుమారంతో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. స్త్రీల శరీరభాగాలను అతిగా పెంచి గీయకూడదన్నది అందులో ఒకటి. తర్వాతి దశాబ్దాల్లో ఆ నియమాన్ని పట్టించుకున్నవారు తగ్గుతూ వచ్చారు.

ఈ వాదంలో అన్నిటికన్నా పదునైన విమర్శ 2012లో వ్యాసంగా కాక బొమ్మగా వచ్చింది. వీరవనితలను ఏ భంగిమల్లో గీస్తున్నారో అవే భంగిమల్లో హాకై అనే మగ వీరుణ్ణి గీసి చూపడం కొందరు మొదలుపెట్టారు. నడుము మెలితిప్పి, వెనక్కి తిరిగి, పెదవి విరిచి నిలబడ్డ ఆ విలుకాడు బాణం వేయగలడని ఎవరూ నమ్మలేకపోయారు. మగ వీరులకూ కండలు పెంచి గీస్తాం కదా అన్న పాత సమర్థనకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అతని అతిశయం బలాన్ని చెబుతుంది. ఆమె అతిశయం చూసేవాడి కోసం. 2014లో ఇటలీ చిత్రకారుడు మీలో మనారా గీసిన స్పైడర్ వుమన్ ముఖచిత్రం మీద గొడవ జరిగింది. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వండర్ వుమన్‌ను మహిళా సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించి, సొంత సిబ్బంది నుంచే నిరసన రావడంతో రెండు నెలలు తిరక్కముందే ఆ ప్రచారాన్ని ముగించింది.

గంగమ్మ, ద్రౌపది

దక్షిణ రాయలసీమకు ఈ ప్రశ్న కొత్తది కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ కథే ఒక ఆడపిల్లను మగవాడు ఎలా చూశాడన్న దానితో మొదలవుతుంది. ఊరి ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడి కన్ను, కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద పడింది. చెయ్యి పట్టబోయిన వాడికి ఆమె తన ఉగ్రరూపం చూపింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేసింది. దొర వేషంలో వస్తే, తన పైదొరే వచ్చాడనుకుని బయటికి వచ్చిన పాలెగాడి తల నరికింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదార్చిందని చెబుతారు.

ఏటా మే నెలలో జరిగే జాతరలో ఈ కథంతా వీధుల్లో నడుస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు: ఈ వేషాలు కట్టే బాధ్యత కైకాల కుటుంబానిది. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, పూలు ముడిచి, గాజులు తొడుక్కుని గుడికి వస్తారు. చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలుపుతారు. ఆ మట్టి ముఖం చెంప నరకడంతో జాతర ముగుస్తుంది. ఆ మట్టికోసం జనం ఎగబడతారు. ఆ ముఖంలో కళ్లు, కోరలు, నాలుకే ప్రధానం. ఈ జాతరమీద అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించారు. మనవైపు చిత్రకళా విమర్శకులు మాత్రం గంగమ్మను జానపదుల ఖాతాలో వేసి పక్కకు తప్పుకున్నారు. అది లోపమే.

చిత్తూరు జిల్లా పల్లెల్లోని ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాలది మరో తీరు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరికి దుర్యోధన వధ. నేలమీద పడుకోబెట్టిన నిలువెత్తు మట్టి దుర్యోధనుడి తొడ భీముడు విరగ్గొట్టాక ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. ఆమె కథకు మూలం వస్త్రాపహరణం. వీధినాటకంలో ఆ పాత్ర చాలాకాలం మగవాళ్లే కట్టారు కాబట్టి ప్రేక్షకుడి చూపు దేహంమీద కన్నా ఆమె అడిగే ప్రశ్నమీదే నిలిచింది. అదే ఘట్టం ఒలియోగ్రాఫులనే అచ్చు వర్ణచిత్రాల్లోకి, క్యాలెండర్లలోకి ఎక్కేసరికి చీర జారే క్షణమే బొమ్మయింది. వస్త్రాపహరణాన్ని అలా గీసినప్పుడల్లా చూసేవాణ్ణి కౌరవసభలో ఒక ఆసనంమీద కూర్చోబెట్టినట్టే.

అంతమాత్రాన పాతదంతా పవిత్రమని తీర్మానించడానికి వీల్లేదు. బండ వేషం నాడు ఊరంతా బూతులు తిట్టుకుంటుంది. గుడి గోపురాలమీద శృంగార శిల్పాలకు లోటు లేదు. జాతరలోనూ భారతంలోనూ స్త్రీ వేషం కట్టింది ప్రధానంగా మగవాళ్లే. స్త్రీ తన రూపాన్ని తానే నిర్ణయించుకున్న సందర్భం అక్కడా అరుదే.

గుడ్డమీద, కాగితంమీద

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలను కామిక్ పుటలకు పూర్వరూపంగా చూడవచ్చు. కథ గళ్లుగళ్లుగా నడుస్తుంది, గడికి తగ్గట్టు తెలుగు లిపిలో వివరణ ఉంటుంది. సంప్రదాయంలో దేవుళ్లకు నీలం, రాక్షసులకు ఎరుపు లేదా ఆకుపచ్చ, స్త్రీమూర్తులకు పసుపు. 1950ల చివర ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చి ఈ కళ మళ్లీ నిలదొక్కుకుంది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి పద్మశ్రీ వచ్చింది. కలంకారీ సీత, ద్రౌపది నిండుగా నగలు, పూలు, విశాలమైన కళ్లతో ఉంటారు. అలంకారం ఎంతున్నా వారి చూపు గడిలోని తోటి పాత్రమీదే తప్ప కొనుగోలుదారు మీద ఉండదు. కొలవాల్సింది గుడ్డ ఎంత కప్పిందన్నది కాదు, బొమ్మలో ఆమె ఏం చేస్తోందన్నది.

1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ తెలుగు పిల్లలకు వీరగాథల బొమ్మలు అలవాటు చేసింది. ఎం.టి.వి.ఆచార్య, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గీతల్లో దేవతలు, రాకుమార్తెలు, మాంత్రికురాళ్లు తరాలపాటు నిలిచిపోయారు. 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన అమర్ చిత్రకథ రాణీ దుర్గావతి, చాంద్ బీబీ, ఝాన్సీ రాణిలను కామిక్ వీరనారులుగా నిలబెట్టింది. రవివర్మ ధోరణి, సినిమా ధోరణి కలిసిన ఆ బొమ్మల్లో పౌరాణిక స్త్రీలకు సన్నని నడుము, చాలీచాలని కంచుకం మామూలైపోయాయి. నందినీ చంద్ర వంటి పరిశోధకులు ఈ సంగతిని వివరంగా చర్చించారు. వారపత్రికల్లో బాపు గీత ప్రభావం ఎంతటిదంటే, అందమైన అమ్మాయిని బాపు బొమ్మ అనడం వాడుకైపోయింది. గీసిన రూపం బతికున్న మనుషులకు కొలమానం కావడం స్త్రీవాదులకు నచ్చలేదు. బాపు రేఖలోని పొదుపును మెచ్చుకుంటూనే ఈ మాట ఒప్పుకోవచ్చు.

తారు, చట్టం

తెలుగు సినిమాలో తుపాకి పట్టిన నాయిక 1970 నాటి 'రౌడీ రాణి'తో జనాన్ని ఊపేసింది. విజయలలిత పగ తీర్చుకోవడానికి గుర్రమెక్కిన ఆ సినిమా తర్వాత ఇలాంటివి వరస కట్టాయి. పోస్టర్లలో పిస్తోలుకు ఎంత చోటో తొడలకూ అంతే. 1980, 90లలో మహిళా సంఘాలు అశ్లీల పోస్టర్లమీద తారు పూసే ఉద్యమాలు నడిపాయి. ఆ తారు నైతిక పోలీసు పనిగా మారుతుందేమోనన్న శంక స్త్రీవాదుల్లోనే కొందరికి ఉండేది. ఆ శంక నిరాధారం కాదు: దేహాన్ని కప్పేయడమే పరిష్కారమనుకునే వాళ్లు అదే తారుడబ్బాతో పక్కనే నిలబడ్డారు.

1986లో పార్లమెంటు మహిళల అసభ్య చిత్రణ నిషేధ చట్టం చేసింది. అది 1987 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చింది. తొలి నేరానికి రెండేళ్లదాకా జైలు, రెండు వేలదాకా జరిమానా. శాస్త్రం, సాహిత్యం, కళల ప్రయోజనం కోసం వచ్చినవాటికి, గుళ్లమీది, రథాలమీది బొమ్మలకు మినహాయింపు ఉంది. ఈ చట్టం అసభ్యతను పట్టుకోగలదు. నిండా బట్ట కట్టుకున్న వీరనారిని కూడా అలంకార వస్తువుగా మార్చే భంగిమను పట్టుకోలేదు.

1990లో 'కర్తవ్యం' ఆ లోటును కొంత తీర్చింది. పోలీసు ఖాకీలో విజయశాంతి నటనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది. 1995లో కోడి రామకృష్ణ 'అమ్మోరు' గ్రామదేవత ఉగ్రరూపాన్ని, 2009లో ఆయనదే 'అరుంధతి' నాయిక ఆగ్రహాన్ని గ్రాఫిక్స్‌తో తెరకు తెచ్చి ఘనవిజయం సాధించాయి. నాయిక కోపం కూడా టికెట్లు అమ్ముతుందని నిర్మాతలకు తెలిసింది.

అవంతిక, దేవసేన

అసలైన బహిరంగ చర్చ 2015 జులై 10న విడుదలైన 'బాహుబలి' మొదటి భాగంతో వచ్చింది. చిన్నప్పుడు అమర్ చిత్రకథలు తెగ చదివానని చెప్పుకునే రాజమౌళి తీసిన చిత్రం అది. అందులో అవంతిక తిరుగుబాటు దళంలో యోధురాలు. కథానాయకుడు శివుడు ఆమెకు తెలియకుండా ఆమె చేతిమీద బొమ్మ గీస్తాడు. ఆ తర్వాత ఆమె కత్తి దూస్తున్నా, ఎదిరిస్తున్నా నాట్యంలాంటి కదలికలతో ఆమె యుద్ధవేషం విప్పి, జుట్టు వదులు చేసి, పెదవులకు రంగు పూసి అందగత్తెగా మార్చి నీళ్లలో ఆమె ప్రతిబింబాన్ని ఆమెకే చూపిస్తాడు. ఆమె ప్రేమలో పడుతుంది. విమర్శకురాలు అన్నా ఎం.ఎం. వెట్టికాడ్ దీన్ని అత్యాచారంతో పోల్చి రాయడంతో దేశమంతా వాదులాట మొదలైంది. ఇది కవితాత్మకమైన శృంగారమని, తనలోని స్త్రీని ఆమెకు గుర్తు చేయడమేనని అభిమానులు వాదించారు. ఆ మాట తూకం ఎంతన్న విషయంలో భేదాభిప్రాయం ఉండవచ్చు. యోధురాలు స్త్రీ కావాలంటే ముందు కవచం విప్పాలన్న తర్కం మాత్రం ఆ సన్నివేశంలోనే ఉంది. ఆ సమర్థన దాన్ని కొట్టివేయలేదు, తిరిగి చెప్పింది.

2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండో భాగంలో దేవసేన వేరే మనిషి. గుడికి వచ్చిన ఆడవాళ్లను తడిమే సేనాపతి వేళ్లు నరుకుతుంది, నిండు సభలో తల వంచకుండా నిలబడుతుంది. థియేటర్లు ఈలలతో దద్దరిల్లాయి. వేళ్లు కాదు, నరకాల్సింది తల అంటూ ఆ తల నరికింది మాత్రం బాహుబలి. తిరుపతి జాతరలో పాలెగాడి తల తెగేది గంగమ్మ చేతిలోనే. కొన్ని వందల కోట్ల సినిమాకన్నా ఈ ఒక్క విషయంలో ఊరి కథే ముందుంది. ఇక అవంతిక సంగతి: రెండో భాగంలో ఆమె కొన్ని క్షణాలకు మించి తెరమీద కనిపించదు, చెప్పుకోదగ్గ పోరాట సన్నివేశం ఒక్కటీ ఆమెకు లేదు.