వీరుణ్ణి కిరాణా కొట్టులో దింపినవాడు

ఐర్లండ్ వ్యంగ్యం అనగానే స్విఫ్ట్ పేరు చెబుతారు, ఇటీవలి వాళ్లలో ఫ్లాన్ ఓబ్రయన్ పేరు. ఇద్దరి నడుమ ఐమర్ ఓ డఫీ అనే ఒకడున్న సంగతి చాలామంది మరిచారు.

1893లో డబ్లిన్‌లో ఓ దంతవైద్యుడి ఇంట పుట్టాడు. తానూ ఆ చదువే చదివాడు గానీ మనసంతా నాటకాల మీదే. తొలి నాటకాలు ఎడ్వర్డ్ మార్టిన్, జోసెఫ్ ప్లంకెట్, థామస్ మెక్‌డొనా నడిపిన ఐరిష్ థియేటర్‌లో ఆడాయి. ఐరిష్ వలంటీర్ల దళంలోనూ చేరాడు. 1916 ఈస్టర్‌కు ముందు గురువారం రాత్రి, తిరుగుబాటు రహస్యంగా సిద్ధమవుతోందని దళాధిపతి మెక్‌నీల్‌కు చెప్పినవాళ్లలో ఇతనొకడు. మెక్‌నీల్ దాన్ని ఆపబోయాడు. ఆ పని మీదే ఓ డఫీని బెల్‌ఫాస్ట్ పంపాడు. డబ్లిన్‌లో తిరుగుబాటు ఆగలేదు. ప్లంకెట్, మెక్‌డొనాలను బ్రిటిష్ పాలకులు కాల్చి చంపారు.

దేశమంతా అమరులకు మొక్కుతున్న రోజుల్లో, 1919లో, ‘ద వేస్టెడ్ ఐలండ్’ నవలలో ఆ నెత్తుటి త్యాగాన్నే తప్పుబట్టాడు. అతని రాతల్లో అన్నిటికన్నా తెగువ దీనిదే అంటాను. అంతకు ముందేడు వచ్చిన కవితా సంపుటి పెద్దగా నిలవలేదు.

స్వతంత్ర ఐర్లండ్ విదేశాంగ శాఖలో దొరికిన ఉద్యోగం 1925లో ఊడింది. ఇంగ్లండ్ వెళ్లి పొట్టకూటికి డిటెక్టివ్ నవలలు కూడా రాశాడు. కోపం మాత్రం తుపాకి మీంచి డబ్బు మీదికి మళ్లింది. 1926 నాటి ‘కింగ్ గాస్‌హాక్ అండ్ ద బర్డ్స్’లో ఓ గోధుమల కుబేరుడు భార్య ముచ్చట తీర్చడానికి లోకంలోని పాటపిట్టలన్నిటినీ కొనేస్తాడు. అతణ్ణి ఎదిరించడానికి డబ్లిన్ స్టోనీబ్యాటర్ వీధి తత్త్వవేత్త ఒకడు పురాణవీరుడు కుహూలిన్‌ను పిలుచుకొస్తాడు. వీరుడికి దొరికిన ఒళ్లేమో కిరాణా కొట్టు గుమాస్తాది! ఆ గుమాస్తా పేరులో ఉరికంబమెక్కిన విప్లవకారుడు రాబర్ట్ ఎమెట్ కూడా ఉన్నాడు. దేశభక్తి పేర్లలో మిగిలి, బతుకు తక్కెడ దగ్గర తేలిందన్నమాట.

ఈ వరసలో రెండోదైన 1928 నాటి నవలలో ఆ గుమాస్తా వేరే గ్రహం చేరతాడు. మనం దాంపత్యానికి పెట్టుకున్న కట్టుబాట్లన్నీ అక్కడ తిండికి. మూడోది, 1933లో వచ్చిన ‘యాసెస్ ఇన్ క్లోవర్’, మరీ చేదు: కుహూలిన్ కొడుకు కుబేరుణ్ణి ఓడించినా డబ్బు పెత్తనం పోదు. నడుమ 1932లో ‘లైఫ్ అండ్ మనీ’ అని అర్థశాస్త్రమే రాశాడు. ఆ పాఠం బరువుకి మూడో నవల కొన్నిచోట్ల కుంటుతుంది కూడా.

1935లో ఇంగ్లండ్‌లోనే పోయాడు, నలభై ఒకటో ఏట. నాలుగేళ్లకు ఓబ్రయన్ మరో పురాణవీరుణ్ణి డబ్లిన్ విద్యార్థి కథలోకి లాక్కొచ్చి పేరు తెచ్చుకున్నాడు.