చింపుకోవడానికి పుట్టిన పుస్తకం

ఆదివారం పొద్దున్నే అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టల్లో పసుపు అట్టతో ఇటుకంత లావున్న పుస్తకం ఒకటి కనిపించింది. ‘సౌత్ ఈస్ట్ ఏషియా ఆన్ ఎ షూస్ట్రింగ్’, తక్కువ ఖర్చుతో ఆగ్నేయాసియా తిరిగేవాళ్ళ కోసం రాసిన గైడు. బేరమాడి నూట యాభైకి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తిరగేస్తే లావోస్ లేదు. కంబోడియా సగమే ఉంది. వియత్నాం ఉందిగానీ హనోయ్‌తో ఆగిపోయింది. పేజీలు ఊడిపోయాయనుకుందామంటే, వీపు దగ్గర బ్లేడు పెట్టి కోసిన గీత నున్నగా, తిన్నగా ఉంది. పుస్తకానికి పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో పెరిగినవాణ్ణి, చూసి ప్రాణం చివుక్కుమంది. ఇలాంటి పుస్తకాల్ని అలాగే వాడతారనీ, అలా కోసుకోమని గైడ్లు అచ్చువేసినవాళ్ళే ఒకప్పుడు ముందుమాటలో రాసేవారనీ తర్వాత తెలిసింది.

దారి చెప్పే పుస్తకాలు ఈనాటివి కావు. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో పాసానియస్ గ్రీసు దేశమంతా తిరిగి, ఏ ఊళ్ళో ఏ గుడి, ఏ విగ్రహం ఉందో పది భాగాల్లో రాసిపెట్టాడు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌లోని శాంటియాగో క్షేత్రానికి నడిచివెళ్ళే యాత్రికుల కోసం ఒక గైడు తయారైంది.

మనకీ ఒకటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పల్లకీలతో, బోయీలతో, పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఆనాటి లెక్కలో అదీ అనేక దేశాల యాత్రే. ఈస్టిండియా కంపెనీ సీమ దాటితే నిజాం రాజ్యం, అది దాటితే నాగపూరు భోంసలేల రాజ్యం. ఏ మజిలీలో బస దొరుకుతుంది, ఎక్కడ అంగళ్ళున్నాయి, నీళ్ళెలా ఉన్నాయి, ముందున్న దారి ఎలాంటిది అని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి రాస్తూ పోయారు. వీరాస్వామయ్య పోయాక 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. మనం దాన్ని సాహిత్యం అరలో పెట్టేశాంగానీ, అందులో సగం ఆ దారిన వెనక వచ్చేవాడికి పనికొచ్చే సమాచారమే.

వీరాస్వామయ్య పోయిన ఏడాదే, 1836లో, లండన్‌లో జాన్ మర్రే అనే ప్రచురణకర్త యూరపు ప్రయాణాలకి తన మొదటి హ్యాండ్‌బుక్ తెచ్చాడు. పడుచువయసులో హాలెండ్ వెళితే ఏం చూడాలో చెప్పే పుస్తకం ఒక్కటీ దొరకలేదట. తానే నోట్సు రాసుకున్నాడు. ఆ నోట్సే పుస్తకమైంది. ఒకే సంపుటంలో హాలెండు, బెల్జియం, ప్రష్యా, ఉత్తర జర్మనీ. పొడుగు ప్రయాణం, పలు దేశాలు, ఒక్క పుస్తకం అన్న బేరం అక్కడే మొదలైంది. 1859లో ఇదే మర్రే మద్రాసు, బొంబాయి ప్రాంతాలకీ హ్యాండ్‌బుక్ వేశాడు. తెల్లదొరలు నౌకర్లతో మాట్లాడుకోవడానికి దేశభాషల పదాలూ సంభాషణలూ కూడా అందులో చేర్చారు. డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ వేసిందీ ఆ ఏడాదే, ఆ మర్రేయే.

అయితే మర్రే కంటే ముందే ఈ పని చేసిన మనిషి ఒకావిడ ఉంది. మరియానా స్టార్క్. ఆవిడ కుటుంబానికి మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువుతో సంబంధం. ఇటలీలో ఏళ్ళ తరబడి ఉండి, గుర్రపుబండి బాడుగ దగ్గర్నుంచి అన్నీ లెక్కగట్టి రాసింది. బొమ్మలు చూసి మెచ్చుకోవడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. బాగుంటే పక్కన ఆశ్చర్యార్థకం, ఇంకా బాగుంటే రెండు, మూడు, నాలుగు. ఇవాళ బిర్యానీ సెంటరుకి ఫోన్‌లో మనం నొక్కే నక్షత్రాలకి అమ్మమ్మ ఆ ఆశ్చర్యార్థకమే. పేరు మాత్రం మగవాళ్ళకొచ్చింది.

ఆ పేరు ఎక్కువగా దక్కింది కార్ల్ బేడెకర్‌కి. 1827లో జర్మనీలోని కోబ్లెంజ్‌లో పుస్తకాల దుకాణం పెట్టాడు. మర్రే పద్ధతే తీసుకున్నానని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. కానీ పనిలో పిచ్చి అతనిది వేరు. మిలాన్ కెథెడ్రల్ పైకప్పుకి ఎక్కుతూ, ఇరవై మెట్లకోసారి వెయిస్ట్‌కోటు జేబులోంచి ఒక బఠాణీ గింజ తీసి పంట్లాం జేబులో వేసుకుంటూ పోయాడట. పైకి చేరాక గింజలు లెక్కపెడితే మెట్ల లెక్క తేలింది. దిగేటప్పుడు అదే పని తిరగేసి చేసి సరిచూసుకున్నాడు. మెట్లెన్ని ఉంటే ఎవడిక్కావాలి అనొచ్చు. ముసలి తల్లిని తీసుకెళ్ళేవాడికి కావాలి. హోటలువాడి మీదా, అద్దె గైడు మీదా, బండివాడి మీదా ఆధారపడకుండా ప్రయాణికుడు తన కాళ్ళ మీద తాను నడవాలన్నది ఆ పుస్తకాల ముందుమాటల్లో రాసుకున్న ఆశయం. తిరుపతిలోనో కాశీలోనో రైలు దిగగానే చుట్టుముట్టేవాళ్ళ మధ్య నిలబడ్డవాడికి ఆ మాట విలువ తెలుస్తుంది.

నా పేవ్‌మెంట్ పుస్తకం గుట్టు కూడా బేడెకర్ దగ్గరే దొరికింది. బరువు తగ్గించడానికి ఆయన సంస్థ కొన్ని గైడ్లని విడివిడి భాగాలుగా కుట్టేది. ఫలానా పేజీల దగ్గర తెరిస్తే వెనక పలచని జాలీగుడ్డ కనిపిస్తుందనీ, దాన్ని కోస్తే ఆ భాగం విడిగా వచ్చేస్తుందనీ ముందుమాటలోనే చెప్పేవారు. పోయే ఊరి భాగం జేబులో, మిగతాది పెట్టెలో.

ఎర్ర అట్టతో వచ్చే బేడెకర్ గైడుకి ఎంత పేరొచ్చిందంటే, చివరికి ఒక యుద్ధకాండకి దాని పేరు పెట్టారు. 1942 మార్చిలో బ్రిటిష్ విమానాలు జర్మనీలోని లూబెక్ పాతపట్నాన్ని తగలబెట్టాయి. దానికి బదులుగా, చూడదగ్గవాటికి నక్షత్రాలిచ్చే బేడెకర్‌లో మూడు నక్షత్రాలున్న ప్రతి బ్రిటిష్ కట్టడాన్నీ కూలుస్తామని ఒక జర్మన్ అధికారి అన్నాడు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్, బాత్, నార్విచ్, యార్క్, కాంటర్‌బరీల మీద బాంబులు పడ్డాయి. వాటికి ‘బేడెకర్ రెయిడ్స్’ అన్న పేరు నిలిచిపోయింది. తమాషా ఏమిటంటే బేడెకర్ రెండు నక్షత్రాలు దాటి ఎవరికీ ఇవ్వలేదు. ఆ అధికారి పుస్తకం తెరిచి చూసినట్టు లేదు. మరుసటి ఏడాది డిసెంబరులో బ్రిటిష్ బాంబులకి లైప్‌జిగ్‌లో బేడెకర్ సంస్థ భవనమే కూలిపోయింది.

ఆ తర్వాత కథ డబ్బుది. 1957లో ఆర్థర్ ఫ్రామర్ అనే అమెరికన్ ‘రోజుకి 5 డాలర్లతో యూరప్’ అని పుస్తకం పేరులోనే ఖర్చు చెప్పేశాడు. ధరలు పెరిగేకొద్దీ పేరులో అంకె కూడా పెరుగుతూ 95 దాకా ఎక్కింది. దక్షిణ అమెరికాకైతే 1924 నుంచే ఒక హ్యాండ్‌బుక్ ఉంది. ఖండమంతా ఒక్క సంపుటంలో ఇరికించడానికి బైబిలు కాగితం లాంటి పలచని కాగితం వాడేవారు.

ఇక మన వైపు దారి. అరవైల చివర యూరప్ కుర్రకారు ఇస్తాంబుల్ మీదుగా, టెహరాన్, కాబూల్ దాటి ఢిల్లీకి, కాఠ్మండుకి రావడం ఎక్కువైంది. వాళ్ళకి గైడ్‌బుక్ అంటే ఇస్తాంబుల్‌లో పుడ్డింగ్ షాప్ అనే హోటల్లోని నోటీసుబోర్డే. ఎవరు ఎటు పోతున్నారో, ఎవరి వ్యాన్‌లో చోటుందో చీటీలు గుచ్చేవారు. లండన్‌లో బిట్ అనే సంస్థ అయితే దారిన పోయినవాళ్ళు రాసిన ఉత్తరాల్లోంచి సమాచారం ఏరి కాగితాలు తీసి పంచేది.

1972లో టోనీ, మారీన్ వీలర్ అనే కొత్త దంపతులు 65 పౌన్ల పాత వ్యాన్‌లో లండన్ నుంచి అదే దారి పట్టారు. కాబూల్‌లో వ్యాన్ అమ్మేశారు. ఇండియా, నేపాల్, థాయ్‌లాండ్, ఇండోనేషియా మీదుగా సిడ్నీ చేరేసరికి చేతిలో మిగిలింది 27 సెంట్లు. అంత తక్కువలో ఎలా వచ్చారని అడిగినవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని వంద పేజీలు కూడా లేని పుస్తకం రాసి, తామే స్టేపుల్ చేశారు. 1973లో 1,500 కాపీలు. ఇట్టే అయిపోయాయి. ఒక పాటలో ‘లవ్లీ ప్లానెట్’ని ‘లోన్లీ ప్లానెట్’ అని తప్పుగా విన్న టోనీ చెవి పుణ్యమా అని సంస్థకి ఆ పేరొచ్చింది. 1975లో సింగపూర్‌లో ఒక చవక చైనీస్ హోటల్ గదిలో కూర్చుని రెండో పుస్తకం రాశారు. పసుపు అట్టతో నేను కొన్నది ఆ పుస్తకమే, తర్వాతెప్పటిదో ఒక ముద్రణ.

ఆ సంస్థ కాళ్ళ మీద నిలబడింది మాత్రం 1981లో వచ్చిన ఇండియా గైడుతో. రాసిన ముగ్గురిలో ఒకరి పేరు ప్రకాశ్ ఎ. రాజ్. మన సినిమా ప్రకాశ్‌రాజ్ కాదు, నేపాల్ రచయిత. అప్పటికి ఇరాన్‌లో విప్లవం, అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సేనలు. మొదటి పుస్తకం చెప్పిన దారి మూతబడిపోయింది. దారి పోయినా పుస్తకాల వ్యాపారం పెరిగింది. 2007లో బీబీసీ వ్యాపార విభాగం లోన్లీ ప్లానెట్‌లో పెద్ద వాటా, తర్వాత మిగతాదీ కొన్నది. 2013లో 5 కోట్ల 15 లక్షల పౌన్లకి అమ్మేసింది. కొన్నదాంట్లో సగం కూడా రాలేదు. ఈలోపు అందరి చేతిలోకీ ఫోన్ వచ్చేసింది.

ఇన్ని గైడ్ల చరిత్ర చదివాక నాకొకటి అర్థమైంది. ప్రతి గైడూ ఒక జేబుని చూసి రాసిందే. మర్రేది దొర జేబు, బేడెకర్‌ది లెక్కరాసుకునే జర్మన్ గుమాస్తా జేబు, వీలర్లది చిల్లుపడ్డ జేబు. మన జేబు కోసం, మన పాస్‌పోర్టు కోసం రాసినవి ఇంగ్లీషు గైడ్లలో దాదాపు లేవు. వీసా అక్కర్లేదని ధీమాగా రాసినచోట అది బ్రిటిష్, అమెరికన్, ఆస్ట్రేలియన్ పాస్‌పోర్టులవాళ్ళకి చెప్పిన మాట. దాన్ని నమ్మి సరిహద్దు దాకా బస్సెక్కితే వెనక్కి రావాల్సిందే. వీసా సంగతి ఆయా దేశాల ఎంబసీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. వెజిటేరియన్ అని రాసిన హోటల్లో చేపల సాస్ లేదని కూడా ఆ గైడ్లు హామీ ఇవ్వవు.

నాలుగైదు దేశాలు మూడు నెలలు తిరగాలనుకుంటే, దారి ఇంకా తేలనివాళ్ళకి లావుపాటి షూస్ట్రింగ్ లాంటిదే నయం. ఎటు తిరిగినా ఎంతో కొంత చెబుతుంది. ఒక్కో దేశంలో నెల ఉండేవాళ్ళకి అది చాలదు, దేశానికో పుస్తకం కావాలి. ఏది కొన్నా మొదటి పేజీల్లో ముద్రణ ఏడాది చూడండి. రచయిత ఊళ్ళు తిరిగింది దానికి ఏడాదో, అంతకన్నా ముందో అయి ఉంటుంది కాబట్టి గది అద్దెలు పాతవనే అనుకోండి. బస్సుస్టాండు నుంచి ఊరు ఎటుందో చెప్పే మ్యాప్ మాత్రం అంత త్వరగా పాతబడదు, ఫోన్ చచ్చిపోయిన రాత్రి అదే దిక్కు.

షాపులో ఇంకొక పని చేయండి. అదే సంస్థ వేసిన ఇండియా గైడు తీసి హైదరాబాద్ పేజీలు చదవండి, లేదా మీ ఊరివి. రాసినవాడు చార్మినార్ దగ్గర ఎక్కడ తినమంటున్నాడో, ఆటోకి ఎంతిమ్మంటున్నాడో చూస్తే వాడు నిజంగా తిరిగాడో లేదో మీకే తెలుస్తుంది. నచ్చితే కొని, ఇంటికి తెచ్చి, వెళ్ళని దేశాల పేజీలు కోసేయండి. కోసే పని ఇంట్లోనే ముగించండి. బ్లేడు చేతిసంచిలో ఉంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు.