గ్యాస్‌ బండ మార్చేటప్పుడు తొందర తగదు

వంటగ్యాస్‌ బండ మార్చే సమయంలో చూపే చిన్న అజాగ్రత్త ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ గ్యాస్‌ గాలి కన్నా బరువైనది. లీకైతే నేలబారున పేరుకుపోయి, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. రెగ్యులేటర్‌ తీసేటప్పుడు, బిగించేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

* ముందుగా పొయ్యి నాబ్‌లు ఆపి, దేవుడి దీపం, అగరువత్తులు సహా నిప్పన్నది లేకుండా ఆర్పేయాలి.

* రెగ్యులేటర్‌ను 'ఆఫ్‌'కు తిప్పిన తర్వాతే దాని కింది పట్టీని పైకెత్తి తీయాలి. ఖాళీ బండలోనూ కొంత గ్యాస్‌ మిగులుతుంది కనుక మూత బిగించాలి.

* కొత్త బండను నిలువుగా ఉంచి, మూత తీసి వాల్వులో రబ్బరు వాషరు ఉందో లేదో చూడాలి. లేకుంటే తిరిగి మూత పెట్టి డీలరుకు తెలపాలి.

* 'ఆఫ్‌'లో ఉన్న రెగ్యులేటర్‌ పట్టీని పైకెత్తి, వాల్వుపై నిటారుగా నొక్కి పట్టీని వదలాలి. గట్టిగా కూర్చున్నాకే 'ఆన్‌' చేయాలి.

* వాల్వు వద్ద సబ్బునీటి నురగ రాసి చూడాలి. బుడగలొస్తే లీకైనట్లే. అగ్గిపుల్లతో పరీక్షించరాదు.

* గ్యాస్‌ వాసన వస్తే కరెంటు స్విచ్‌లు వేయరాదు, ఆపరాదు. రెగ్యులేటర్‌ తీసి మూత పెట్టి, తలుపులు, కిటికీలు తెరవాలి. ఆరుబయటకు వెళ్లాకే 1906 నంబరుకు ఫోన్‌ చేయాలి.