సుల్తాన్ బజార్‌లో క్లచ్ లేని కార్లు – ఒక పాత మెకానిక్ చెప్పుకోవలసిన మాట

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. నేను రచయితను కాను. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సుల వర్క్‌షాపులో స్పానరు పట్టుకున్నవాణ్ణి. అయినా నాకు తెలిసిన చిన్న చరిత్ర ఒకటి ఉంది. అందులో నా పొరపాటు కూడా ఉంది. మిత్రులు ఓపికతో చదవగలరు.

మా ఇల్లు సుల్తాన్ బజార్‌లో, బడీచౌడీ వెనక సందులో ఉండేది. 1933కు ముందు ఆ ప్రాంతం రెసిడెన్సీ బజార్. బ్రిటిష్ రెసిడెంటు అధికారం కింద ఉండేది. ఆ ఏడాది నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చి సుల్తాన్ బజార్ అయింది. రెసిడెంటు గారి భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఇక గౌలిగూడ హ్యాంగరు మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. మనందరికీ అన్నం పెట్టిన సంస్థకు అదే పుట్టుక. మన బస్సులకు నీడనిచ్చిన ఆ హ్యాంగరు 2018 జూలైలో కూలిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నేను 1964లో చేరాను. మా ఉస్తాద్ ఆల్బియన్ బస్సుల కాలం మనిషి. "బేటా, ముందు చూడు, తర్వాత విను, ఆఖర్న విప్పు" అనేవాడు. డ్యూటీ దిగాక చుట్టుపక్కల వకీళ్ళు, డాక్టర్ల కార్లు చూసేవాళ్ళం. వాటిలో మాకు కొరుకుడు పడనివి క్లచ్ పెడలు లేని అమెరికా కార్లు.

అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో హైడ్రామాటిక్ అనే గేరుబాక్సును ప్రకటించి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చారు. అన్ని గేర్లూ తనంతట తనే మార్చుకునే పెట్టె, పెద్ద ఎత్తున తయారై బజారులోకి రావడం అదే మొదలు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వారి తేలిక ట్యాంకులలో కూడా దాన్నే వాడారు. 1950ల ఆరంభంలో రోల్స్ రాయిస్ వారు సైతం సొంతంగా కనిపెట్టడం మాని దాన్నే తీసుకున్నారు.

అది పనిచేసే తీరు ఇంట్లోవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెబుతాను. రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు ఆయిలు. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే, ఆయిలు వెళ్ళి ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. గేరు మార్చేది కూడా పంపు నుంచి వచ్చే ఆయిలు ఒత్తిడే. అంటే ఆ పెట్టెకు ఆయిలు కేవలం కందెన కాదు, ప్రాణం.

ఈ సంగతి మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా మూసుకుపోయింది. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయి శివ్డీలో పెట్టిన కార్ల బిగింపు కర్మాగారం 1954లో మూతపడింది. దిగుమతులపై ఆంక్షలు బిగిశాయి. ఉన్న కార్లు ఉన్నాయి గాని, వాటి సామాను రాదు, పుస్తకం రాదు, చెప్పేవాడు లేడు. కార్లలో లోపం కంటే మా చేతుల్లో లోపమే ఎక్కువ.

1971 ఎండాకాలం. మా సందు చివర ఒక వకీలు గారు ఉండేవారు. ఆయనకు 1950 నాటి ఓల్డ్స్‌మొబైల్ ఉండేది. కూతురి పెళ్ళి కుదిరింది. కారు అమ్మి ఆ ఖర్చు కొంత తీర్చుకుందామనుకున్నారు. బేరం కుదిరింది. కాని బండి ఏడాదిగా కదలలేదు. "నాయనా, కాస్త చూసి నడిచేలా చెయ్యి" అన్నారు.

తివాచీ ఎత్తి గేరుబాక్సు ఆయిలు పుల్ల తీశాను. ఇంజను ఆపి ఉంది. గుర్తుకు చాలా పైన ఆయిలు కనిపించింది. ఎవరో ఎక్కువ పోశారనుకున్నాను. కింద బోల్టు విప్పి, పుల్ల మీద గుర్తు వరకు దించేశాను. స్టార్టు చేస్తే ఇంజను హోరెత్తింది గాని బండి కదల్లేదు. కొంచెం కదిలి జారిపోయింది. కొన్నవాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "గేరుబాక్సు పోయిందండీ, ఇక లాభం లేదు" అన్నాను. అతను బయానా వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కారు తూకానికి పాత ఇనుము కొట్టుకు పోయింది. వకీలు గారు అప్పు చేసి పెళ్ళి చేశారు. నన్ను ఒక్క మాట అనలేదు.

అయిదేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య అట్ట చిరిగిన హైడ్రామాటిక్ మరమ్మతు పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఆయిలు చూసే పద్ధతి దగ్గర చెయ్యి ఆగిపోయింది. బండి చాలాకాలం నిలిచి ఉంటే, పైన చక్రాలలోని ఆయిలు మెల్లగా కింది తొట్టెలోకి దిగిపోతుంది. అప్పుడు పుల్ల మీద ఎక్కువ చూపిస్తుంది. ఇంజను వేడెక్కి, న్యూట్రల్‌లో నడుస్తుండగా చూస్తేనే అసలు లెక్క. నేను దించేసింది ఎక్కువ ఆయిలు కాదు, ఆ పెట్టె ప్రాణం. తీసింది తిరిగి పోసి ఉంటే బండి నడిచేదే.

ఆ సాయంత్రమే వకీలు గారింటికి వెళ్ళి ఉన్నమాట చెప్పాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పోనీలే నాయనా. నీకు తెలిసింది కదా, తర్వాతవాడికి చెప్పు" అన్నారు. అంతే.

ఆ మాట 1983లో పనికొచ్చింది. నారాయణగూడలో ఒక డాక్టరు గారి దగ్గర 1964 మోడలు ఇంపాలా ఉండేది. అందులో పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల పెట్టె. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ, గేరు మారినప్పుడు గట్టి కుదుపు. ఇంజను రింగులు పోయాయని, దించి బోరు చేయించాలని ఆయనకు ఎవరో చెప్పారు. నేను ఏదీ విప్పలేదు. పొగ తెల్లగా ఉంది. ఇంజను ఆయిలు తగ్గలేదు, గేరుబాక్సు ఆయిలు తగ్గుతోంది. ఇంజను పీల్పు ఎంతో గేరుబాక్సుకు తెలియజేసే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, దానిలో రబ్బరు పొర. డబ్బాకు వచ్చే రబ్బరు గొట్టం లాగి చూస్తే లోపల ఎర్రటి ఆయిలు! పొర చిరిగింది, ఇంజను ఆ దారిన గేరుబాక్సు ఆయిలు పీల్చి కాలుస్తోంది. ఆ డబ్బా ఒక్కటి బొంబాయి నుంచి తెప్పించి మారిస్తే సరిపోయింది. ఇంజను దించే ఖర్చు తప్పింది. డాక్టరు గారు డబ్బు ఇవ్వబోతే, సగమే తీసుకున్నాను. మిగతా సగం వకీలు గారి బాకీ అనుకున్నాను.

ఇప్పుడు మన పిల్లలు, మనుమలు క్లచ్ లేని కార్లే కొంటున్నారు. కొత్తవాటిలో కంప్యూటర్లున్నాయి, కొన్నింటికి పుల్ల కూడా లేదు. ఏ కారుకు ఏ పద్ధతో దాని పుస్తకంలోనే చూడాలి. పాత కారు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఆయిలు మట్టం మొదట చూడండి, అదీ పుస్తకం చెప్పిన తీరులో. రంగు, వాసన చూడండి: ఎర్రగా ఉంటే మేలు, నల్లబడి మాడు వాసన వస్తే లోపల పట్టీలు, ప్లేట్లు కాలుతున్నట్టు. నురగ కడితే ఎక్కువ పోసినట్టు. గేరు ఆలస్యంగా మారితే, యాక్సిలరేటరు నుంచి పెట్టెకు వెళ్ళే కడ్డీ సరిగా ఉందో లేదో చూశాకే మిగతా అనుమానాలు. ఆగిపోయిన బండిని నడిచే చక్రాలు నేల మీద ఉంచి దూరం లాగించకండి. ఇంజను ఆగితే చాలా పెట్టెల్లో పంపూ ఆగుతుంది, ఆయిలందక లోపల అరిగిపోతాయి.

2020 ఫిబ్రవరి నుంచి మా సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో రైలు పోతోంది. ఓల్డ్స్‌మొబైల్ నిలిచిన చోటు ఏదో ఇప్పుడు చూపించలేను. వకీలు గారు లేరు, ఉస్తాద్ లేడు. తర్వాతవాడికి చెప్పమన్న మాట మాత్రం నా దగ్గర మిగిలింది. అది ఈ సంచిక ద్వారా మీకు అప్పగించి సెలవు తీసుకుంటున్నాను.