నల్లేరు: ద్రాక్షకు అడవి చుట్టం

నిజామాబాద్, బోధన్ అనగానే చెరకు, వరి, పసుపు గుర్తొస్తాయి. మూడూ నీళ్లు తాగే పంటలే. ఆర్మూరు గుట్టల్లాంటి బండనేల మీద, తుమ్మకంపల మీద, పాత కంచెల మీద తనంతట తాను పాకే నల్లేరును పంటల లెక్కలో ఎవరూ వేయరు. నాలుగు పలకల కాడ, నొక్కిపట్టినట్టు సన్నబడే కణుపు, కణుపుకొక ఆకు, ఆకుకు ఎదురుగా నులితీగ, గుత్తులుగా ఎర్రటి చిన్న పండ్లు. ఆ నులితీగే దాని కులగోత్రాలు చెప్పేస్తుంది. నల్లేరు ద్రాక్ష కుటుంబపు మొక్క.

పండు మాత్రం తినడానికి పనికిరాదు, నోరు దురదెత్తిస్తుంది. మనుషులు దీన్ని కాడ కోసమే దగ్గరికి తీశారు. 11వ శతాబ్దంలో ఆయుర్వేద వైద్యుడు చక్రపాణిదత్తుడు విరిగిన ఎముకల చికిత్సలో దీన్ని చేర్చాడు. 16వ శతాబ్దపు భావప్రకాశంలోనూ దీనికి చోటుంది. గ్రంథాల సంగతి అలా ఉంచితే, ఈ తీగను మన ఇళ్లలో నిలబెట్టింది వంటగదే అని నా అభిప్రాయం. లేత కాడలే కోయాలి. చేతులకు నూనె రాసుకుని పలకల అంచుల నార తీసి, ముక్కలను నూనెలో బాగా మగ్గనిచ్చి, ఎండుమిర్చి, చింతపండుతో నూరాలి. కాడలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, దురద వాటి వల్లే. రసాయనశాస్త్రం పుట్టకముందే దానికి నూనె, నిప్పు, పులుపు విరుగుడని కనిపెట్టిన వాళ్ల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

వృక్షశాస్త్రవేత్తలు దీన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి చాలాకాలమే పట్టింది. 1767లో లిన్నేయస్ దీన్ని ‘సిస్సస్’ అన్నాడు. 1834లో దక్షిణ భారత మొక్కల మీద పుస్తకం రాసిన వైట్, ఆర్నాట్‌లు ‘వైటిస్’ అని ద్రాక్ష ప్రజాతిలోనే కలిపేశారు. 1887లో ఫ్రెంచి పండితుడు ప్లాంషాన్ ఈ కుటుంబాన్నంతా మళ్లీ సర్ది, సిస్సస్‌ను వేరుగా నిలబెట్టాడు. ఈ ప్లాంషాన్ సామాన్యుడు కాదు. ఫ్రాన్సులో ద్రాక్షతోటలు ఎండిపోతుంటే, వేళ్లను పట్టి పీల్చే ఫిల్లోక్సెరా పురుగును 1868లో గుర్తించిన బృందంలో ఆయనొకడు. చివరికి ఆ తోటలను కాపాడింది అమెరికా అడవి ద్రాక్షలే. వాటి వేరుమొక్కలకు యూరప్ ద్రాక్షను అంటుకట్టి బతికించుకున్నారు. నేటి మహారాష్ట్ర తోటల్లో ఉప్పునేలకు, నీటి ఎద్దడికి ఓర్చుకునే ‘డాగ్‌రిడ్జ్’ వేరుమొక్క కూడా టెక్సాస్ అడవి ద్రాక్ష సంతతే.

నల్లేరుకు అలాంటి వ్యవసాయ యోగం పట్టలేదు. ఇక్కడి సేద్యం కాలువ నీటి వెంటే నడిచింది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం మంజీర నీటిని బోధన్ పొలాలకు తెచ్చింది. ఆ నీటిని నమ్ముకునే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, ఊరి పక్కన శక్కర్‌నగర్ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నీరు నిలిచే నేలలో నల్లేరు వేరు కుళ్లిపోతుంది కనుక చెరకు మడితో దానికి పొత్తు కుదరదు. దాని బతుకు పద్ధతే వేరు. కాడ రాత్రిపూట గాలి పీల్చి దాచుకుని, పగలు ఎండలో రంధ్రాలు మూసుకుని పని చేసుకుంటుంది. చిన్న ముక్క నాటితే చాలు, కాలువ లేకపోయినా బతుకుతుంది.

1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యుడు కె.ఎన్. ఉడుప బృందం విరిగిన ఎముకల మీద దీన్ని జంతువుల్లో పరీక్షించి, ఎముక త్వరగా అతుక్కుంటుందని చెప్పింది. 1999లో కాడ నుంచి రెస్వెరాట్రాల్ తదితర పదార్థాలను వేరుచేశారు. ద్రాక్ష తొక్కలో ఉండేదీ ఆ రెస్వెరాట్రాలే. అక్కడి నుంచి వ్యాపారం ఊపందుకుంది. 2006లో కామెరూన్ నుంచి బరువు తగ్గుతుందన్న పరిశోధన ఒకటి వెలువడ్డాక, ఎముకల మందు కాస్తా సన్నబడే మాత్రగానూ సీసాల్లోకి ఎక్కింది.

ఆ సీసాల మీది మాటలకు తగినంత రుజువు లేదు. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దివి. ఎముక విరిగినవారు ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకుని కట్టు వేయించుకోవాలి. మాత్రలు వాడదలిస్తే డాక్టరుకు చెప్పే వాడాలి. పచ్చడి చేసుకునేవారు మాత్రం లేత కాడలే తెచ్చుకోండి, పచ్చిగా రుచి చూడకండి.