డేగ గూట్లో అద్దెకి

మా మాడుగుల నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలంటే చోడవరం, సబ్బవరం, పెందుర్తి దాటుకుని ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దగ్గరకి చేరాలి. ఆటోవాళ్ళ దగ్గర్నుంచి బస్సు కండక్టర్ల దాకా రోజూ అందరి నోళ్ళలో నలిగే ఆ మూడక్షరాలకి అర్థం నేవల్ ఆర్మమెంట్ డిపో. అంటే నౌకాదళం వాళ్ళ ఆయుధాల గిడ్డంగి. విశాఖ విమానాశ్రయం కథంతా ఆ కూడలి పేరులోనే ఉందని నాకనిపిస్తుంది. మనం ఇన్నాళ్ళూ "వైజాగ్ ఎయిర్‌పోర్ట్" అని చనువుగా పిలుచుకున్న చోట రన్‌వే మనది కాదు. అది నేవీది. ప్రయాణికుల విమానాలు అక్కడ అద్దెకున్నాయి, అంతే.

ఇలాంటివాటిని సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. రన్‌వే, కంట్రోల్ టవర్, ఆకాశంలో ఎవరు ముందు దిగాలో ఎవరు ఆగాలో చెప్పే అధికారం రక్షణశాఖవి. టెర్మినల్ భవనం, దాని ముందు విమానాలు నిలిపే జాగా, చెకిన్ కౌంటర్లు, ట్రాలీలు మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. పుణె, శ్రీనగర్, బాగ్డోగ్రా విమానాశ్రయాలు వాయుసేన రన్‌వేల మీద ఇలాగే నడుస్తున్నాయి. గోవాలోని డబోలిం కూడా నేవీదే. విమానం దిగగానే "ఇది రక్షణశాఖ విమానాశ్రయం, ఫోటోలు తియ్యకండి" అని మైకులో చెప్పేది అందుకే. ఇల్లుగలాయన ఇష్టం మరి.

ఆ ఇంటికి చక్కటి పేరుంది: ఐ.ఎన్.ఎస్. డేగ. నౌకాదళం తన విమాన స్థావరాలకి పక్షుల పేర్లు పెడుతుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాళి. విశాఖకి వచ్చేసరికి మన ఊళ్ళలో కోడిపిల్లల్ని తన్నుకుపోయే డేగ దొరికింది. ఆ పేరుతో స్థావరం లాంఛనంగా మొదలైంది 1991 అక్టోబరు 21న. కానీ అక్కడ సైన్యం నీడ అంతకు చాలా ముందునుంచీ ఉంది.

అసలు ఈ తీరానికి విమానం చుట్టంగా రాలేదు, శత్రువుగా వచ్చింది. 1933 డిసెంబరులో విశాఖ హార్బరు తెరిచారు. ఓడలొచ్చాయి, సరుకొచ్చింది, దాని వెనకే యుద్ధమూ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఒక బాంబు ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది, చూడొచ్చు. ఆ రోజుల్లో పట్నం వదిలి లోపలి పల్లెలకి పరుగెత్తినవాళ్ళ కథలు మా వైపు పెద్దవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పుడు మనం విమానం ఎక్కడానికి కొండల వైపు నుంచి సముద్రం వైపు వెళ్తాం. అప్పట్లో విమానం చప్పుడు విని జనం సముద్రం వైపు నుంచి కొండల వైపు వచ్చారు.

యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేన వాడుకున్న ఈ మైదానం స్వాతంత్ర్యం తర్వాత నేవీ చేతికొచ్చింది. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడ్డాక ఇక అది సైన్యం సొత్తేనన్నది ఖాయమైపోయింది. ప్రయాణికుల కోసం టెర్మినల్ మొదలైంది 1981లో. రోజుకి ఒక్కటే విమానం. రన్‌వే పొడవు 6,000 అడుగులు. పోర్టు, నూనెశుద్ధి కర్మాగారం, షిప్‌యార్డు ఉన్న ఊరికి, ఉక్కు ఫ్యాక్టరీ వస్తున్న ఊరికి రోజుకొక్క విమానమంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ అప్పటికి మా మండలంలో విమానం ఎక్కినవాళ్ళు ఎంతమందో వేళ్ళ మీద లెక్కెయ్యచ్చు. మిగతావాళ్ళందరికీ రైలే.

అసలైన మార్పు 2007లో వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో 10,007 అడుగుల కొత్త రన్‌వే వాడకంలోకొచ్చింది. 2009 ఫిబ్రవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు. 2011లో సిల్క్‌ఎయిర్ విమానం సింగపూర్‌కి నేరుగా ఎగిరింది. 2018-19కి వచ్చేసరికి ఏడాదిలో వచ్చిపోయేవాళ్ళు 28 లక్షలు దాటారు. మాడుగుల హల్వా కూడా విమానం ఎక్కడం నేర్చుకుంది. నానబెట్టిన గోధుమల పాలు తీసి, పంచదార, నెయ్యి వేసి గంటలకొద్దీ తిప్పి చేసే ఈ హల్వాకి నూరేళ్ళు దాటాయి. త్వరగా పాడవదు కాబట్టి దూరప్రయాణానికి పనికొస్తుంది. మావాళ్ళెవరైనా విదేశం వెళ్తుంటే సూట్‌కేసు బరువు లెక్కలో అరకిలో, కిలో ముందే దానికి కేటాయించేస్తారు.

రద్దీ ఎంత పెరిగినా అద్దె షరతులు మాత్రం మారలేదు. నేవీ విమానాలు శిక్షణకి ఎగిరే గంటల్లో ప్రయాణికుల విమానాలకి పరిమితి. ఏదైనా సంస్థ పొద్దున్న పూట ఢిల్లీకి ఒక విమానం వేద్దామనుకుంటే ముందు నేవీ దగ్గర ఖాళీ గంట దొరకాలి. 2023 నవంబరు నుంచి కొన్ని నెలలు రన్‌వే పైపొర మళ్ళీ వెయ్యడానికి రాత్రిళ్ళు మూసేశారు. రాత్రి విమానాలు వేళ మార్చుకోవాల్సి వచ్చింది. నేవీని తప్పుపట్టడానికి ఏమీ లేదు. వాళ్ళు అక్కడున్నది సముద్రాన్ని కాయడానికి, మన చెకిన్ కోసం కాదు. ఇబ్బందల్లా ఒకే చూరు కింద రెండు సంసారాలు పెద్దవవుతూ పోవడమే.

దీనికి తోడు నీళ్ళు, గాలి. ఈ మైదానం మేఘాద్రిగెడ్డ దిగువన, హార్బరు ఉప్పుటేరుల పక్కన ఉన్న పల్లపు నేల. 2012 నవంబరులో నీలం తుఫాను వానలకి గెడ్డ పొంగి రన్‌వే మీదకి నీళ్ళొచ్చాయి, విమానాలు ఆగిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. కట్టి ఆరేళ్ళయినా కాని టెర్మినల్ పైకప్పు రేకులు లేచిపోయాయి, అద్దాలు పగిలాయి, లోపలంతా వాననీళ్ళు. అయిదు రోజుల తర్వాత తాత్కాలిక ఏర్పాట్లతో మళ్ళీ విమానాలు మొదలయ్యాయి. అప్పుడు కేంద్ర విమానయానమంత్రి విజయనగరం పూసపాటి అశోక్ గజపతిరాజు. పదేళ్ళకి, 2024లో, అదే శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడికి వచ్చింది. వెనకబడ్డ ప్రాంతమని మమ్మల్ని మేమే అనుకునే ఉత్తరాంధ్రకి పదేళ్ళలో రెండుసార్లు ఆకాశం శాఖే దక్కింది.

ఇక సొంతిల్లు. విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం అన్నమాట 2015లో ఊపందుకుంది. మొదట్లో 15,000 ఎకరాలన్నారు. రైతులు రోడ్డెక్కారు. జీడిమామిడి తోటలు, కొబ్బరి తోటలు ఉన్న తీరప్రాంతం అది. లెక్క 5,000 ఎకరాల చుట్టుపక్కలకి, అక్కణ్ణుంచి 2,700కి తగ్గింది. చివరికి కట్టే సంస్థ చేతికిచ్చింది 2,203 ఎకరాలు. ఈ అంకెల్ని వరసగా చూడండి. విమానం దిగడానికి 2,203 ఎకరాలు చాలుతాయంటే, మొదటి కాగితంలో ఉన్న మిగతా పన్నెండు వేల పైచిలుకు ఎకరాలు ఎందుకు? ఈ ప్రశ్న అడగడానికి రైతులు రోడ్డెక్కబట్టే అంత భూమి మిగిలింది.

2017లో టెండరు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి వచ్చింది, తర్వాత రద్దయింది. రెండోసారి జీఎమ్మార్ గెలిచింది. దాని అధిపతిదీ ఈ ప్రాంతమే, రాజాం. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2023 మే 3న జగన్‌మోహన్ రెడ్డి మళ్ళీ చేశారు. ఒకే నేలకి రెండు పునాదిరాళ్ళు! రన్‌వే 3,800 మీటర్లు. మొదటి దశలో ఏడాదికి 60 లక్షలమందికి సరిపోయేలా టెర్మినల్. ఇక్కడ గంటలు అడుక్కోనక్కర్లేదు. కాకపోతే ఒక మెలిక ఉంది. కొత్తది మొదలయ్యాక డేగలో ప్రయాణికుల విమానాలు ముప్పై ఏళ్ళపాటు ఉండకూడదన్నది ఏర్పాటు. గోవాలో 2023లో మోపా వచ్చినా డబోలిం ఆగలేదు. ఇక్కడ పాత గది తాళం ఇచ్చేసి మరీ వెళ్ళాలి.

మా అనకాపల్లి వైపువాళ్ళకి దీని అర్థం సూటిగా చెప్తాను. ఇన్నాళ్ళూ ఊరి శివార్లోనే ఎయిర్‌పోర్టు తగిలేది. ఇకమీద విశాఖ మొత్తం దాటి అవతలి జిల్లాకి పోవాలి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఇన్నేళ్ళూ ఉన్న కష్టం ఇప్పుడు మాకు బదిలీ అవుతోంది. న్యాయంగా చూస్తే ఇందులో ఏడవడానికేం లేదు. దూరం ఎవరో ఒకరికి తప్పదు. మాకు ఇంకో గంటో, గంటన్నరో రోడ్డు ప్రయాణం పెరుగుతుంది. అంతకన్నా పోయేది లేదు.

పోయినవాళ్ళు వేరే ఉన్నారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. రన్‌వే కోసం ఖాళీ చేసిన నాలుగు ఊళ్ళు. నాలుగువందల పైన కుటుంబాలు పోలిపల్లి, గూడెపువలస దగ్గర కట్టిన కాలనీలకి మారాయి. అద్దింట్లో ఉన్న ఎయిర్‌పోర్టుకి సొంతిల్లు వచ్చింది, సొంతిళ్ళు ఉన్నవాళ్ళు కాలనీకి వెళ్ళారు.

కొత్త విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మా ఊరి వెనక నిలబడ్డ కొండలు దాటితే ఆయన తిరిగిన మన్యం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారని అందరికీ తెలుసు. ఆ కోపానికి ఒక కారణం రోడ్డు అన్న సంగతి అంతగా గుర్తుండదు. గూడెం కొండల్లో సర్కారు రోడ్డు వేయిస్తూ మన్యం జనంతో సరైన కూలి ఇవ్వకుండా పని చేయించింది. ఆ రోడ్డు ఎవరికోసం, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు అన్నదగ్గర మొదలైన తగువుల్లో అదొకటి. ఆ మనిషి పేరు పెట్టుకున్న చోట ఆ ప్రశ్నకి కాస్త జాగా ఉండాలి. టెర్మినల్‌లో ఏదో ఒక గోడ మీద ఆ నాలుగు ఊళ్ళ పేర్లు తెలుగులో పెద్దక్షరాలతో రాస్తే బాగుంటుంది. విమానం ఆలస్యమైనప్పుడు ఎలాగూ చదవడానికి ఏదో ఒకటి కావాలి కదా, మనవాళ్ళు చదువుతారు.